‘నలుగురికి 72 గంటలు’: రెడీమేడ్ ఎమర్జెన్సీ బ్యాగు విప్పి చూస్తే

ఎర్రటి వీపు సంచి. దాని మీద తెల్లటి అక్షరాల్లో ‘నలుగురికి 72 గంటలు’ అన్న మాట, కింద చిన్న అక్షరాల్లో లోపల ఎన్ని వందల వస్తువులున్నాయో లెక్క. వరదొచ్చినా, తుపానొచ్చినా, భూమి కంపించినా, రోజుల తరబడి కరెంటు పోయినా ఈ ఒక్క సంచీ భుజాన వేసుకుంటే చాలన్న భరోసాతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్న కిట్లివి. పేర్లు వేరైనా లోపలి సరుకు దాదాపు ఒకటే: నీళ్ళ పొట్లాలు, గట్టి బిస్కెట్ లాంటి ఆహారపు ఇటుకలు, చేత్తో తిప్పే రేడియో, టార్చి, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, తళతళలాడే పలుచటి దుప్పట్లు, ఈల, వానకోటు, మాస్కులు, కాస్త తాడు. అందుకే ఏదో ఒక కంపెనీని పట్టుకోకుండా ఈ రకం సంచీ మొత్తాన్నీ ఇక్కడ తూచి చూస్తున్నాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఇది కొనదగ్గదే, కానీ సగం వస్తువు. మిగతా సగం మీరే సమకూర్చుకోవాలి. ఆ సంగతి తెలిసి కొంటే పనికొస్తుంది. తెలియక కొని, అటక మీద పడేసి, ‘మనకు కిట్ ఉందిలే’ అనుకుంటే మాత్రం అసలు కొననివాళ్ళ కంటే ఇబ్బందిలో పడతారు. తుపాను కబురు వినగానే కొననివాళ్ళు కనీసం బిందెల్లో, బకెట్లలో నీళ్ళయినా పట్టుకుంటారు.

72 గంటలన్న లెక్క ఊరికే వచ్చింది కాదు. పెద్ద విపత్తు తర్వాత సహాయక బృందాలు ప్రతి ఇంటికీ చేరడానికి రోజులు పడుతుంది కాబట్టి, కనీసం మూడు రోజులు ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడగలగాలని విపత్తు నిర్వహణ సంస్థలు చెబుతాయి. ‘కనీసం’ అన్న మాట లేబుల్ మీదికి రాలేదు.

నీళ్ళ దగ్గరే లెక్క తప్పుతుంది

సంచీ విప్పి ముందుగా నీళ్ళ పొట్లాలు బయట పెట్టండి. నలుగురి కిట్‌లో సాధారణంగా 125 మిల్లీలీటర్ల పొట్లాలు 24 ఉంటాయి. అంటే మొత్తం 3 లీటర్లు. నలుగురు మనుషులు, మూడు రోజులు: రోజుకు మనిషికి పావు లీటరు. మామూలు రోజున ఒక పెద్ద గ్లాసుతో గటగటా తాగేసే నీళ్ళవి. తాగడానికి, వంటకు, ఒళ్ళు తుడుచుకోవడానికి కలిపి మనిషికి రోజుకు దాదాపు 4 లీటర్లు, అందులో సగం తాగడానికే అన్నది అందరూ ఒప్పుకున్న లెక్క. నలుగురికి మూడు రోజులకు అది 48 లీటర్లవుతుంది. తాగడానికి మాత్రమే చూసుకున్నా 24 లీటర్లు కావాలి. ఎండాకాలమైతే, ఇంట్లో పాలిచ్చే తల్లి గానీ జ్వరంతో ఉన్నవాళ్ళు గానీ ఉంటే ఇంకా ఎక్కువ.

ఇది సంచీ కుట్టినవాళ్ళ తప్పు కాదు. 48 లీటర్లంటే 48 కిలోలు. ఏ వీపు మీదా అది నిలవదు. తప్పంతా ‘72 గంటలు’ అని అచ్చు వేసినవాళ్ళది. ఆ పొట్లాలను ఇంట్లోంచి బయటపడి సహాయ శిబిరానికి చేరేదాకా గొంతు తడుపుకోవడానికి అనుకోండి, అప్పుడవి మంచి వస్తువులే. లోపల రేకు పొర ఉంటుంది, ఐదేళ్ళు నిలవుంటాయని రాసి అమ్ముతారు. ఒక్కటే లోపం: టార్చి మూల గానీ కత్తెర మొన గానీ నొక్కుకుంటే అతుకు దగ్గర సన్నగా కారుతాయి. కారిన చెమ్మ మాస్కులకూ గాజుగుడ్డకూ పట్టి, ఏడాది తర్వాత విప్పేసరికి బూజు వాసన వస్తుంది. పొట్లాలన్నిటినీ మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను సంచీలో పెట్టండి.

అసలు నీళ్ళు ఇంట్లో విడిగా నిలవ చేసుకోవాలి. 20 లీటర్ల క్యాను చవగ్గా కనిపిస్తుంది గానీ, నిండాక దాన్ని మెట్ల మీదుగా దింపగలిగేవాళ్ళు ఇంట్లో ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్ళే ఇంట్లో లేని రోజున అది కదలదు. 5 లేదా 10 లీటర్ల క్యాన్లు ఐదారు ఉంటే మేలు. ఒకటి పగిలినా మిగతావి మిగులుతాయి. ఆహార పదార్థాలకు పనికొచ్చే ప్లాస్టిక్ అయి ఉండాలి. పాల డబ్బాలు వద్దు, ఎంత కడిగినా పాల జిడ్డు పూర్తిగా పోదు, అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి. నింపే ముందు లీటరు నీళ్ళలో ఒక టీస్పూను బ్లీచ్ ద్రావణం కలిపి, క్యానులో పోసి, లోపలంతా తగిలేలా 30 సెకన్లు గిలకొట్టి పారబోసి, మంచి నీళ్ళతో తొలిచేయండి. ఆరు నెలలకోసారి నీళ్ళు మార్చండి. పాత నీళ్ళు మొక్కలకు పోయొచ్చు. వెలుతురు తగలని చోట, పెట్రోలుకూ పురుగుమందులకూ దూరంగా పెట్టండి. ప్లాస్టిక్ గోడల గుండా ఆ ఆవిర్లు నీళ్ళలోకి దిగుతాయి.

స్నానాల గదిలో ట్యాంకు ఉన్న వాటర్ హీటర్ ఉంటే అది కూడా నీళ్ళ నిల్వే. అయితే ముందు దాని కరెంటు స్విచ్ ఆపండి. నీళ్ళు ఖాళీ అయ్యాక ఎప్పుడో కరెంటు వచ్చిందంటే లోపలి కాయిల్ ఖాళీ ట్యాంకులో కాలిపోతుంది.

ఇక శుద్ధి చేసుకునే సామాను. చాలా కిట్లలో క్లోరిన్ బిళ్ళల పట్టీ ఒకటి ఉంటుంది. సంచీ మొత్తంలో బరువుకు తగ్గ విలువ ఉన్నది ఇదే. వాడేవాళ్ళు మాత్రం ఎక్కువగా ఇక్కడే పొరబడతారు. బిళ్ళలన్నీ ఒక పరిమాణంలో రావు. 67 మిల్లీగ్రాముల బిళ్ళ 20 లీటర్లకు, 8.5 మిల్లీగ్రాముల బిళ్ళ ఒక్క లీటరుకు. మొదటిదాన్ని లీటరు సీసాలో వేస్తే తాగలేరు, రెండోదాన్ని బకెట్టులో వేస్తే పని చేయదు. పట్టీ వెనక అక్షరాలు కొవ్వొత్తి వెలుగులో కనిపించవు కాబట్టి ఇప్పుడే మార్కరు పెన్నుతో పట్టీ ముందు వైపు, మీ బిళ్ళ ఏదో చూసుకుని ‘20 లీటర్లకు ఒకటి’ అనో ‘లీటరుకు ఒకటి’ అనో, పక్కన ‘అరగంట ఆగాలి’ అని పెద్దగా రాసి పెట్టండి. అరగంట ఆగాలన్నది కూడా ముఖ్యమే. క్లోరిన్ సూక్ష్మజీవిని తాకగానే చంపేయదు, సమయం కావాలి. నీళ్ళు బురదగా ఉంటే ముందు తేరనిచ్చి, మందపాటి గుడ్డను నాలుగు మడతలు వేసి వడకట్టి, ఆ తర్వాతే బిళ్ళ వేయాలి. లేకపోతే క్లోరిన్ అంతా ఆ మట్టిలోని సేంద్రియ పదార్థంతోనే ఖర్చయిపోయి, సూక్ష్మజీవుల దాకా రాదు.

బిళ్ళలు లేనివాళ్ళకు, వాసన గానీ సబ్బు గానీ కలపని 5 నుంచి 6 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం (ద్రవ రూపంలో ఉండే బ్లీచ్) లీటరుకు 2 చుక్కలు, మసకగా ఉంటే 4 చుక్కలు. కలిపి అరగంట ఆగాక కొద్దిగా క్లోరిన్ వాసన రావాలి. రాకపోతే అంతే మోతాదు మళ్ళీ వేసి ఇంకో పావుగంట ఆగాలి. బ్లీచింగ్ పౌడరుకు ఈ చుక్కల లెక్క వర్తించదు. ద్రావణం ఏడాది దాటితే పస తగ్గుతుంది. దాన్ని మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో గానీ, అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో గానీ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. పొయ్యి, గ్యాసు పనిచేస్తుంటే ఇవేవీ అక్కర్లేదు: నీళ్ళు తెర్లి బుడగలు ఆగకుండా వస్తున్నప్పటి నుంచి ఒక నిమిషం మరిగిస్తే చాలు. 2000 మీటర్లకు మించిన ఎత్తులో ఉంటే మూడు నిమిషాలు.

కొన్ని ఖరీదైన కిట్లలో స్ట్రా లాంటి ఫిల్టరు పెడతారు. నోటితో పీల్చుకుని తాగాలి. దాని లోపలి సన్నటి గొట్టాల రంధ్రాలు 0.1 లేదా 0.2 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటాయి, బ్యాక్టీరియా ఆగిపోతుంది. వైరస్‌లు అంతకంటే చిన్నవి, వాటిలో చాలావరకు దాటేస్తాయి. ఊరి మురుగు కలిసిన వరద నీటికి ఆ ఒక్కటే చాలదు. పైగా నలుగురు ఒకే స్ట్రా నోట్లో పెట్టుకోవడం మంచిది కాదు. ఒకసారి తడిశాక గడ్డకట్టే చలిలో ఉంచితే లోపలి గొట్టాలు చిట్లుతాయి, బయటికి ఏమీ తెలియదు. ఇంకో మాట: పెట్రోలు, పురుగుమందులు, ఫ్యాక్టరీ రసాయనాలు కలిసిన నీటిని బిళ్ళ, బ్లీచ్, మరిగించడం ఏదీ బాగు చేయలేదు. అలాంటి వాసన వస్తే ఆ నీళ్ళు వదిలేయడమే.

వెలుతురు, కబురు, ఛార్జింగ్

చేత్తో తిప్పే రేడియో ఈ సంచీకి ముఖచిత్రం. రేడియో, టార్చి, సైరను, ఫోన్ ఛార్జరు, పైన చిన్న సోలార్ పలక, అన్నీ ఒక్కదాంట్లోనే అంటారు. రేడియోగా ఇది నిజంగా మంచిది. సెల్ టవర్లు పడిపోయినప్పుడు కబురు తెచ్చేది రేడియోనే, దానికి కరెంటు కూడా చాలా తక్కువ కావాలి. ఒక నిమిషం తిప్పితే కొన్ని నిమిషాలు వార్తలు వినొచ్చు. ఫోన్ ఛార్జరుగా మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. ఎందుకో లెక్క చూడండి. 4000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో దాదాపు 15 వాట్-అవర్ల శక్తి, అంటే ఒక వాటు చొప్పున 15 గంటలు ఇచ్చేంత, పడుతుంది. ఆ చిన్న పిడిని మనిషి ఆపకుండా తిప్పితే మహా అయితే రెండు మూడు వాట్లు, దారిలో వృథా అయ్యేది పోను ఫోనుకు చేరేది ఒకటిన్నర వాట్లు అనుకుందాం. ఫోను నిండాలంటే పది గంటలు తిప్పాలి. అన్ని గంటలు తట్టుకునేలా ఆ ప్లాస్టిక్ పిడి గానీ, లోపలి పళ్ళచక్రం గానీ చేయరు. అరచేతిలో పట్టే సోలార్ పలక మూడోవంతు వాటు ఇచ్చినా గొప్పే. దాంతో 45 గంటల నిండు ఎండ కావాలి.

కొన్నాక రేడియోను ఒకసారి పూర్తిగా పరీక్షించండి. యాంటెన్నా మొదట్లో ఉండే మడత కీలు పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పండి. వదులుగా ఊగితే మొదటి హడావుడిలోనే విరిగిపోతుంది, వెంటనే వెనక్కి పంపేయండి. మామూలు పెన్సిల్ సెల్లు కూడా వేసుకునే వీలున్న రేడియో కొనడం ఉత్తమం. లోపల అతికించిన రీఛార్జబుల్ బ్యాటరీ ఒక్కటే ఉన్నవి, రెండు మూడేళ్ళు ఛార్జింగ్ లేకుండా పడి ఉంటే బ్యాటరీ చచ్చి, పిడి తిప్పినంతసేపే పలుకుతాయి.

ఫోను కోసం 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు విడిగా కొనుక్కోండి. అందులో ఉండేది 37 వాట్-అవర్లు. ఫోనులోకి చేరేది మూడింట రెండొంతులే. అంటే ఒక ఫోను ఒకటిన్నర సార్లు నిండుతుంది. పొదుపుగా వాడుకుంటే ఇద్దరికి మూడు రోజులు సరిపోతుంది. పెట్టె మీద వాట్-అవర్లు రాయకుండా 50,000 అంటూ పెద్ద అంకె మాత్రం వేసి, చేతిలో తేలిగ్గా ఉన్నదాన్ని కొనకండి. మూడు నెలలకోసారి తీసి మళ్ళీ ఛార్జి చేసి పెట్టాలి. విపత్తు రోజున నెట్‌వర్క్ కిక్కిరిసి కాల్స్ కలవకపోయినా ఎస్సెమ్మెస్ చాలాసార్లు వెళ్తుంది. అది బ్యాటరీ కూడా తక్కువే తింటుంది.

టార్చి గురించి ఒక్క సంగతి దగ్గర్నుంచి చూపించాలి. కిట్‌లో వచ్చే టార్చిలో సెల్లు వేసే పంపుతారు, స్విచ్ దగ్గర చిన్న ప్లాస్టిక్ పట్టీ అడ్డం పెట్టి. దాన్ని అలాగే వదిలేసి రెండేళ్ళ తర్వాత వెనక మూత తిప్పితే ముందు గరగరమంటుంది, సగంలో బిగుసుకుంటుంది. బలవంతాన విప్పితే స్ప్రింగు చుట్టూ తెల్లటి పొడి, అక్కడక్కడ నీలి ఛాయ, సెల్లు గొట్టానికి అతుక్కుపోయి ఉంటాయి. ఆల్కలైన్ సెల్లులోంచి కారిన పొటాషియం హైడ్రాక్సైడ్ గాలికి ఆరి అలా గట్టిపడుతుంది. ఆ పొడి చర్మానికీ కళ్ళకూ మంచిది కాదు, వట్టి చేతుల్తో గీకకండి. అందుకే సెల్లు టార్చిలో ఉంచకుండా చిన్న జిప్పు కవరులో వేసి, రబ్బరు బ్యాండుతో టార్చికే చుట్టి పెట్టండి. రీఛార్జి కాని లిథియం సెల్లు దొరికితే ఇంకా మంచిది, అవి కారడం చాలా అరుదు, పదేళ్ళకు పైగా నిలవుంటాయి. పాత సెల్లుతో కొత్త సెల్లు కలిపి వేయొద్దు. వీలైతే తలకు కట్టుకునే లైట్లు రెండు కొనండి. ఒక చేత్తో పిల్లను ఎత్తుకుని, ఇంకో చేత్తో గోడ పట్టుకుని మెట్లు దిగేవాళ్ళకు మూడో చెయ్యి ఎక్కడిది? కొవ్వొత్తులు పెట్టే కిట్లూ ఉన్నాయి. భూకంపం తర్వాత గ్యాసు ఎక్కడ లీకవుతోందో తెలియని ఇంట్లో మంట వెలిగించడం కంటే పెద్ద పొరపాటు ఉండదు. వాటిని సంచీలోంచి తీసేయండి.

ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో అంకె పెద్దది, పని చిన్నది

‘వందల వస్తువులు’ అన్న గొప్ప చాలావరకు ఇక్కణ్ణుంచే పుట్టింది. పెట్టె విప్పి వరసగా పేరిస్తే ఎక్కువ భాగం వేలికి వేసుకునే చిన్న పట్టీలు, ఒక్కొక్కటీ ఒక్కో వస్తువుగా లెక్క. తర్వాతివి స్పిరిట్ తుడుపు పొట్లాలు. వాటిలో కొన్ని అప్పటికే ఆరిపోయి ఉంటాయి, వేళ్ళతో నొక్కితే లోపల తడి జారుతున్నట్టు అనిపించకపోతే పారేయండి. ఇల్లు కూలినప్పుడో, గాజు పగిలినప్పుడో అయ్యే గాయాలకు వేలి పట్టీలు ఏం చాలతాయి? కావలసినవి ఇవి: పది సెంటీమీటర్ల చదరపు స్టెరైల్ గాజుగుడ్డ కనీసం పది, సాగే క్రేప్ బ్యాండేజీ చుట్టలు మూడు నాలుగు, మెడకు వేసి చెయ్యి కట్టడానికి పనికొచ్చే ముక్కోణపు గుడ్డలు రెండు, వెడల్పాటి అంటుకునే టేపు, బట్టలు కత్తిరించగల మొద్దు మొనల కత్తెర, చేతి తొడుగులు నాలుగు జతలు. రక్తం ధారగా పోతుంటే గాజుగుడ్డను గాయం మీద పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కి పట్టాలి. మధ్య మధ్యలో ఎత్తి చూడకూడదు, గడ్డకట్టేది కాస్తా ఊడి వస్తుంది. గుడ్డ తడిసిపోతే దాని మీదే ఇంకోటి వేసి నొక్కడమే.

ఓఆర్‌ఎస్ పొట్లాలు ఏ కిట్‌లోనైనా లేకపోతే అది పెద్ద లోటే. వరదల తర్వాత విరేచనాలు మామూలు, చిన్నపిల్లలు గంటల్లో వాడిపోతారు. లీటరుకు కలిపే పొట్లాలు పది కొని పెట్టండి. అవి లేనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు సమానపు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. చెంచా గోపురంగా కాకుండా కత్తి వెనకతో గీరి సమానం చేయాలి, ఉప్పు ఎక్కువైతే పిల్లలకు మేలు కంటే కీడే ఎక్కువ. కలిపింది 24 గంటల్లో వాడేసి, మిగిలింది పారబోయాలి.

బీపీ, షుగరు, థైరాయిడ్, ఆస్తమా, మూర్ఛ: రోజూ వేసుకునే మందులు ఏ కంపెనీ కూడా సంచీలో పెట్టి పంపలేదు. కనీసం వారానికి సరిపడా మందులు, డాక్టరు చీటీ కాపీతో సహా, మీరే పెట్టుకోవాలి. వాటిని సంచీలో పెట్టి మర్చిపోకుండా, కొత్త పట్టీ కొన్నప్పుడల్లా దాన్ని సంచీలో పెట్టి, సంచీలో ఉన్న పాతదాన్ని వాడకానికి తీసుకోండి. ఇన్సులిన్‌ను సంచీలో ఉంచకూడదు. దానికి ఫ్రిజ్జే చోటు. బయల్దేరేటప్పుడు తీసుకోవాలని సంచీ మూతకు చీటీ కట్టండి.

తిండి, దుప్పటి, తతిమ్మావి

ఆహారపు ఇటుక ఒక్కోటి 2400 కేలరీలు, మనిషికొకటి. మూడు రోజులకు పంచితే రోజుకు 800. పెద్దవాళ్ళకు రోజుకు సుమారు 2000 కావాలి. ప్రాణం నిలుస్తుంది, నీరసం తప్పదు. గోధుమపిండి, కొవ్వు, చక్కెరే ఎక్కువగా ఉంటాయి కాబట్టి అలర్జీ ఉన్నవాళ్ళూ, షుగరు ఉన్నవాళ్ళూ లేబుల్ చదవకుండా పెట్టుకోవద్దు. నెలల పిల్లలకు ఇది పనికిరాదు. సంచీలో వాటిని ఉండనిచ్చి, ఇంట్లో మాత్రం మీరు మామూలుగా తినేవాటిలోనే, వండకుండా తినగలిగేవి నాలుగు రోజులకు సరిపడా అదనంగా ఉంచుకోండి. కొత్తవి వెనక్కి, పాతవి ముందుకు. డబ్బాల్లో వచ్చేవైతే డబ్బా విప్పే కట్టరు కూడా దగ్గరే ఉండాలి. కరెంటు పోయాక ఫ్రిజ్జు తలుపు తీయకుండా ఉంటే నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది. నిండుగా ఉన్న ఫ్రీజరైతే 48 గంటలు, సగమే ఉంటే 24. తిండి విషయంలో ఈ మూడు అంకెలు ఆ ఇటుకల కంటే ఎక్కువ ఉపయోగపడతాయి.

తళతళలాడే దుప్పటి వేడి పుట్టించదు. ఒంట్లోంచి పోయే వేడిని కొంత వెనక్కి తిప్పుతుందంతే. చల్లటి నేల మీద దాన్ని పరుచుకుంటే లాభం లేదు, వేడి నేలలోకి ఇంకిపోతుంది. కింద విప్పిన అట్టపెట్టె గానీ, మడత దుప్పటి గానీ వేసుకుని దీన్ని పైన కప్పుకోవాలి. అంచు ఒకసారి చిరిగితే బారునా చీలిపోతుంది, రెండు మూడు ఎక్కువే పెట్టుకోండి. ఈల మంచిది, మెడలో వేసుకోండి: మూడేసి ఊతలు సాయం కావాలన్న గుర్తు. దుమ్ముకు, పొగకు రెండు పట్టీలు తల వెనక్కి వెళ్ళే ఎన్95 మాస్కే పెట్టుకోండి. కిట్‌లో వచ్చే పలుచటివి ముక్కు పక్కల గాలిని వదిలేస్తాయి. వానకోటు, తాడు పర్వాలేదు. అన్నిటికీ పనికొస్తుందనే చిన్న కత్తి పరికరం పెద్దగా ఏ పనికీ రాదు.

మరుగుదొడ్డి సంగతి మాత్రం చాలా కిట్లు తలుచుకోనే తలుచుకోవు. 2011లో న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో భూకంపానికి మురుగు గొట్టాలు పగిలి, చాలా ఇళ్ళు వారాలూ నెలలూ మరుగుదొడ్లు వాడుకోలేకపోయాయి. మూతలున్న బకెట్లు రెండు, మందపాటి చెత్త సంచులు ఇరవై, పొట్టు గానీ బూడిద గానీ ఒక సంచి, సబ్బు ఉంటే చాలు. ఒక బకెట్టు మూత్రానికి, ఇంకోటి మలానికి. రెండూ వేరుగా ఉంటే వాసన, పరిమాణం రెండూ బాగా తగ్గుతాయి. మలం మీద ప్రతిసారీ గుప్పెడు పొట్టు చల్లాలి. నెలసరి ప్యాడ్లు, పసివాళ్ళ డైపర్లు కూడా ఈ సామానుతోనే పెట్టుకోండి.

ఇంకా అడుగు ముందుకేసి, ఇదే అమ్మకాల పేజీలో గ్యాస్ మాస్కులు, గొడ్డళ్ళు, ఏడాది తిండి డ్రమ్ములు, జనరేటర్లు చూపిస్తారు. వాటికి పెట్టే డబ్బు నీళ్ళ క్యాన్లకు పెట్టండి. గ్యాస్ మాస్కు ముఖానికి సరిగ్గా అతకకపోయినా, ఆ వాయువుకు తగిన ఫిల్టరు కాకపోయినా ఉత్త ధైర్యమే. జనరేటరు ఉన్నవాళ్ళు దాన్ని ఇంటికి కనీసం ఆరు మీటర్ల దూరంలో, పొగ గొట్టం కిటికీల వైపు లేకుండా నడపాలి. వరండాలో, గ్యారేజీలో, తలుపు తీసి ఉన్నా సరే నడపకూడదు. బొగ్గుల కుంపటి కూడా ఇంట్లో వద్దు. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు, తలనొప్పి అనుకుని పడుకున్నవాళ్ళు లేవరు. సెల్లుతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొనడం మాత్రం అతి కాదు.

ఎవరు కొనాలి, ఎలా కొనాలి

ఒక్కో వస్తువూ వెతికి కొనే తీరిక లేనివాళ్ళకు, దూరంగా ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ళకు పంపాలనుకునేవాళ్ళకు ఇది మంచి మొదలు. ఇంట్లో పసిపిల్లలు, రోజూ మందులు వాడేవాళ్ళు ఉంటే ఖాళీ సంచీ కొని మీరే నింపుకోవడం మేలు. కొనే ముందు అమ్మేవాళ్ళను నాలుగు ప్రశ్నలు అడగండి. నీళ్ళు మొత్తం ఎన్ని లీటర్లు? ఆహారం మొత్తం ఎన్ని కేలరీలు? పంపబోయే సరుకు మీద ఎక్స్‌పైరీ ఏ సంవత్సరం? రేడియోలో మామూలు సెల్లు వేసుకోవచ్చా? ఐదేళ్ళ నిల్వ అని రాసి, గోదాములో మూడేళ్ళు మగ్గినదాన్ని పంపుతుంటారు. సూటిగా జవాబు రాకపోతే ఇంకో దగ్గర చూడండి.

సంచీ ఇంటికి రాగానే భుజం పట్టీలు కుట్టిన చోట గట్టిగా లాగి చూడండి. అన్నీ నింపాక వీపున వేసుకుని మెట్లు దిగి మళ్ళీ ఎక్కండి. ఇంట్లో అందరికంటే బలహీనంగా ఉన్న పెద్దవాళ్ళు ఎత్తలేకపోతే బరువును రెండు చిన్న సంచుల్లోకి పంచండి. ఒకటి వాళ్ళకు, ఒకటి మీకు. గుర్తింపు కార్డులు, ఆస్తి కాగితాలు, బీమా కాగితాల కాపీలు జిప్పు కవరులో, వాటితోపాటు చిన్న నోట్లలో కొంత డబ్బు పెట్టండి. యంత్రాలు పనిచేయని రోజున పెద్ద నోటుకు చిల్లర ఇచ్చేవాళ్ళుండరు. ముఖ్యమైన ఫోన్ నంబర్లు కాగితం మీద రాయండి. అందులో ఒకటి వేరే ఊళ్ళో ఉన్న బంధువుదై ఉండాలి. ఊళ్ళోవాళ్ళకు ఒకరికొకరికి కలవకపోయినా అందరూ ఆయనకే కబురు చెప్పుకోవచ్చు. విడిపోతే కలుసుకునే చోట్లు రెండు అనుకోండి, ఒకటి ఇంటి ముందే, రెండోది పేట బయట. మంచం పక్కన గట్టి అడుగున్న చెప్పులు, పాత కళ్ళజోడు ఉంచండి. రాత్రిపూట భూకంపం తర్వాత పగిలిన గాజు మీద వట్టి కాళ్ళతో నడిచే చాలామంది గాయపడతారు.

సంచీని అటక మీదా, కారు డిక్కీలోనూ పెట్టకండి. మూసిన కారు ఎండలో 60 డిగ్రీలు దాటొచ్చు. మందులూ, బ్యాటరీలూ, నీళ్ళ పొట్లాల అతుకులూ అన్నీ దెబ్బతింటాయి. బయటికెళ్ళే తలుపు పక్కన, చేతికందే ఎత్తులో, ఇంట్లో అందరికీ తెలిసిన కొక్కేనికి తగిలించండి. మూత లోపలి వైపు ఒక కాగితం అంటించి దాని మీద నీళ్ళు మార్చిన తేదీ, పవర్ బ్యాంకు ఛార్జి చేసిన తేదీ, అన్నిటికంటే ముందు గడువు తీరే మందు పేరూ తేదీ రాయండి. ఆ తర్వాత ఒక రాత్రి మెయిన్ స్విచ్ ఆపేసి, తెల్లారేదాకా సంచీలో ఉన్నవాటితోనే గడిపి చూడండి. ఏది లేక ఇబ్బంది పడ్డారో అది మర్నాడే కొనండి.